ద్రాక్షతీగెయు నిరోధశక్తియు

శాస్త్రములలో పుట్టిన మాటలు శాస్త్రజ్ఞుల యొద్దనే నిలిచియుండవు. అవి గ్రంథములను దాటి, పత్రికలను దాటి, అంగడి మీదుగా రైతు చేనిగట్టు దాక నడచివచ్చును. నడచివచ్చు త్రోవలో వాని నంటిపెట్టుకొనియున్న నియమము లొక్కటొక్కటిగా రాలిపోవును. తుదకు రైతు చేతికి మాట చిక్కును గాని దాని కొలత చిక్కదు. అట్టి మాటలలో ‘నిరోధశక్తి’ యనునది యొకటి. ఈ విత్తనమునకు తెగులును నిరోధించు శక్తి గలదు, ఈ మొక్కకు పురుగును నిరోధించు శక్తి గలదు అని మనము తరచుగా వినుచున్నాము. ఆ మాట వినినంతనే మన మనస్సున కోటగోడ యొకటి లేచి నిలుచును. పురుగు రాదు, వచ్చినను ఏమియు చేయజాలదు అని తలతుము. కాని యా మాటకు శాస్త్రమున నట్టి యర్థము లేదు. ఒక మొక్క పురుగు నెదుర్కొని నిలుచుటను కొలిచి చూచి, దానినే యాధారముగా గొని ఒక దేశపు వ్యవసాయమును తిరిగి నిలబెట్టిన గొప్ప యుదాహరణము ఫ్రాన్సుదేశపు ద్రాక్షతోటలది. ఆ చరిత్రమును, దానితోపాటు ఈ మాట యర్థమును పాఠకులకు విన్నవింప దలచితిమి.

1860వ సంవత్సరము దాటిన కొలదికాలమునకు ఫ్రాన్సుదేశపు దక్షిణభాగమున రోన్ నది దిగువ ప్రాంతములందు ద్రాక్షతీగెలు కారణము తెలియకుండ ఎండిపోవ నారంభించెను. మొదట తోట నడుమ నాలుగైదు తీగెల యాకులు పండుబారును. మరుసటి యేడు ఆ మచ్చ చమురుచుక్కవలె నలుదెసల ప్రాకును. మూడవ యేడు ఆ తీగెలు చచ్చును. రైతులు నేల చెడినదనిరి. కొందరు చలి యనిరి. కొందరు దైవాగ్రహ మనిరి. 1868వ సంవత్సరము జూలై నెల 15వ తేదీన మోంపెలియె నగరపు వృక్షశాస్త్రాచార్యుడు జూల్ ఎమీల్ ప్లాంషోన్, ద్రాక్షతోటల యజమాని గాస్తోన్ బజీల్, తోటపని యందు నిపుణుడు ఫెలిక్స్ సాయూ అను మువ్వురు సేన్ రెమీ యను నూరికి చేరువ నొక తోటలో ఈ తెగులును పరీక్షించిరి. చచ్చిన తీగెల వేళ్ళను త్రవ్వి చూడగా వానిపై నేమియు గానరాలేదు. అంతట ప్రక్కనున్న, చూచుటకు ఆరోగ్యముగానే యున్న తీగెను పెరికి చూచిరి. దాని వేళ్ళనిండ పసుపుపచ్చని సన్నని పురుగులు గుంపులు గుంపులుగా నంటియుండెను. చచ్చిన వేరునుండి పురుగు బ్రతికిన వేరునకు తరలిపోవుచుండెను. శవమును పరీక్షించినవారికి హంతకుడు కనబడకపోవుటకు కారణ మిదియే.

ఈ పురుగు మన రైతులు పేనుబంక యని పిలుచు పురుగులకు దగ్గరి చుట్టము. ప్లాంషోన్ మొదట దీనికి ‘రిజాఫిస్ వస్టాట్రిక్స్’ అని పేరిడెను. వేరునందలి పేను, వినాశకారిణి యని దాని భావము. తరువాత దాని రెక్కల రూపమును జూచి, సింధూరవృక్షము, అనగా ఇంగ్లీషున ఓకు అనెడు చెట్టు ఆకులపై నుండు ఒక పురుగుతో దీనికి పోలిక గలదని గ్రహించి, దాని వర్గమునందు చేర్చిరి. ఆ వర్గమునకు 1834లో బ్వాయే ద ఫోన్‌స్కొలోంబ్ అను నాతడు ‘ఫిలాక్సెరా’ అని పేరు పెట్టియుండెను. గ్రీకుభాషలో ‘ఫిలోన్’ అనగా ఆకు, ‘క్సెరోస్’ అనగా ఎండినది. సింధూరపు టాకును వాడజేయు పురుగునకు ఆ పేరు తగినదే. ద్రాక్షవేరును నాశనము చేయు పురుగునకు ‘ఎండుటాకు’ అను పేరు వచ్చుట మాత్రము చిత్రము. పేరు ఆకును జూపుచుండగా ప్రాణము వేరునందు పోవుచుండెను. నేటి శాస్త్రజ్ఞులు దీనిని వేరొక వర్గమున జేర్చి ‘డాక్టులోస్ఫైరా విటిఫోలియే’ యనుచున్నారు. అయినను ఫిలాక్సెరా యను పాతపేరే లోకవాడుకలో నిలిచిపోయినది.

ఈ పురుగు ఐరోపాలో పుట్టినది కాదు. 1855లోనే న్యూయార్కు రాష్ట్రపు కీటకశాస్త్రజ్ఞుడు ఏసా ఫిచ్ అమెరికా ద్రాక్షాకులపై బుడిపెలు కలిగించు నొక పురుగును వర్ణించియుండెను. ఆకుమీది యా పురుగును, ఫ్రాన్సున వేరుమీది యీ పురుగును ఒక్కటియే యని మిసోరీ రాష్ట్రపు కీటకశాస్త్రజ్ఞుడు చార్లెస్ వాలెంటైన్ రైలీ నిరూపించెను. ఆయన 1871లో ఫ్రాన్సునకు వెళ్ళి తోటలను జూచెను. 1873లో ప్లాంషోన్ అమెరికాకు వెళ్ళి యడవిద్రాక్షలను పరిశీలించెను. వారి పరిశోధనలవలన తేలిన విషయ మిది. పురుగు అమెరికాలో ఎంతోకాలమునుండి యున్నది. అచ్చటి యడవి ద్రాక్షతీగెలును ఉన్నవి. రెండును బ్రతికియే యున్నవి. పురుగు తాకని తీగెలు గావు అవి. పురుగు తాకినను చావని తీగెలు.

ఈ భేదమునుండియే మన మాట పుట్టినది. 1869లో బోన్ పట్టణమున జరిగిన ద్రాక్షవ్యవసాయసభలో బోర్దో వాసి లియో లలిమాన్, తన తోటలో ఐరోపాతీగెలు చచ్చుచుండగా అమెరికాతీగెలు కొన్ని పచ్చగా నిలిచియున్నవని తెలిపెను. అట్టి తీగెలను ఫ్రెంచివారు ‘రెజిస్తాన్’ అనిరి. ఇంగ్లీషువారు ‘రెసిస్టెంట్’ అనిరి. రెంటికిని మూలమైన లాటిను ధాతువునకు ఎదురుగా నిలుచుట యని యర్థము. అడ్డగించుట గాదు, తరిమివేయుట గాదు, నిలుచుట. తెలుగున ‘నిలదొక్కుకొనుట’ యను మాట దానికి మిగుల దగ్గర. మేము వాడుకనుబట్టి నిరోధశక్తి యనుచున్నను, పాఠకులు దీని నీ యర్థముననే గ్రహింపవలయునని కోరుచున్నాము.

అమెరికాతీగెలతో దేశమును బాగుచేయుదమన్న మాట యందరికిని నచ్చలేదు. ఫ్రాన్సున రెండు పక్షము లేర్పడెను. ఒక పక్షమువారు నేలలో కార్బన్ బైసల్ఫైడు అను గంధకపు ద్రవమును పోసి పురుగును చంపవలయు ననిరి. ధనికుల తోటలలో నది కొంత పనిచేసెను గాని ఏటేట చేయవలసిన ఖర్చు. పేదరైతు దాని నెట్లు భరించును? రెండవ పక్షమువారిని ‘అమెరికనిస్టు’లనిరి. శత్రువును తెచ్చిన దేశమునుండియే మందును తెత్తురా యని కొందరు వారిని పరిహసించిరి. ఇంకను సోకని కొన్ని ప్రాంతములందు అమెరికాతీగెలను తెచ్చుట ప్రభుత్వమే నిషేధించెను. 1874లో ప్రభుత్వము ఈ తెగులునకు మందు కనిపెట్టినవారికి 3,00,000 ఫ్రాంకుల బహుమాన మిత్తునని ప్రకటించెను. లలిమాన్ దాని నడిగెను గాని యీయలేదు. ఆ బహుమాన మెవ్వరికిని దక్కలేదు. ఈలోపల 1875లో 8 కోట్ల 45 లక్షల హెక్టోలీటరుల ద్రాక్షాసవము పండిన దేశమున 1889 నాటికి 2 కోట్ల 34 లక్షలే పండెను. దానిపై బ్రతుకు కుటుంబములు ఊళ్ళు విడిచి పోయినవి, అల్జీరియాకును వలసపోయిరి.

అమెరికాతీగెలను నాటి, వాని పండ్లనే వాడుకొందమన్నచో వాని రుచి ఫ్రెంచివారికి రుచింపలేదు. అంతట బజీల్ మొదలగువారు అంటుకట్టు మార్గమును జూపిరి. మన మామిడితోటల వారి కీ పద్ధతి క్రొత్త గాదు. టెంకమొక్క క్రింద నుండి నేలను పట్టుకొనును. కోరిన జాతి కొమ్మ పైనుండి కాయలు కాయును. అట్లే అమెరికావేరుపై ఐరోపాకొమ్మను కట్టినచో పురుగును వేరు చూచుకొనును, పండును కొమ్మ చూచుకొనును. ఉపాయము చక్కనిదే. కాని ‘అమెరికాతీగె’ యన్నను ‘నిరోధశక్తి గల తీగె’ యన్నను ఒక్కటియే యని తలచిన తొలినాటివారు మోసపోయిరి. అమెరికాలో ద్రాక్షజాతు లనేకములు. అందు ‘లాబ్రుస్కా’ జాతికి చెందిన కాంకర్డు మొదలగు తీగెలను తెప్పించి నాటగా అవి పురుగునకు తాళలేకపోయెను. ‘రిపేరియా’, ‘రుపెస్ట్రిస్’ జాతులు పురుగునకు తాళినవి. అయితే రిపేరియా మొదలగు కొన్ని, సున్నము మెండుగా గల నేలలలో ఆకులు తెల్లబారి నీరసించినవి. పురుగు చంపని తీగెను నేల చంపెను.

అప్పుడు గాని శాస్త్రజ్ఞులకు తెలియలేదు, ‘నిరోధశక్తి గలదా లేదా’ యను ప్రశ్న సరియైనది కాదని. ‘ఎంత గలదు’ అని యడుగవలయును. పీయెర్ వియాలా, లూయీ రావాజ్ అను పండితులు ఇందులకై సున్న మొదలు 20 వరకు ఒక కొలబద్ద నేర్పరచిరి. పురుగు బొత్తిగా తాకజాలని తీగెకు 20. పురుగు తాకినచో చచ్చు ఐరోపాద్రాక్షకు సున్న. తక్కిన జాతులన్నియు ఈ రెంటి నడుమ తగిన మెట్లపై నుండును. లాబ్రుస్కా దిగువ మెట్లపైననే యుండెను. రిపేరియా పైమెట్లపై నుండెను గాని కొనమెట్టుపై గాదు. శిఖరమునకు చేరని తీగెలతోనే ఫ్రాన్సు తోటలు మరల పచ్చబడినవని పాఠకులు గమనింతురు గాక.

వేరున జరుగు పని యేమి? పురుగు తన తొండమును వేరులో గ్రుచ్చి రసమును పీల్చును. లేతవేళ్ళ కొనలు దానివలన ఉబ్బి కొక్కెములవలె వంగును. ముదురువేళ్ళపై కంతులు లేచును. ప్రమాదము కంతులలోనే యున్నది. ఐరోపాతీగె వేరున కంతి పగిలి, ఆ పుండుగుండ నేలలోని శిలీంధ్రములు ప్రవేశించి వేరు కుళ్ళును. తీగెను చంపునది పురుగు నోటికన్న నీ కుళ్ళే యెక్కువ. నిలదొక్కుకొను తీగెయందు లేతవేళ్ళ యుబ్బు కొంత కలుగవచ్చును. ముదురువేళ్ళపై కంతులు లేవవు, లేచినను లోతుగా పోవు. తీగె ఆ గాయముచుట్టు బెరడువంటి పొరను కట్టి, చెడిన భాగమును తన నుండి వేరుచేసికొనును. కాబట్టి యిచ్చట పురుగునకును తీగెకును యుద్ధము ముగియదు. దినదినము జరుగుచునే యుండును. తీగె యోడకుండుటయే దాని నిరోధశక్తి.

సున్నపునేలల చిక్కును విడదీయుటకై 1887లో వియాలా అమెరికాకు వెళ్ళెను. టెక్సాసు రాష్ట్రమున డెనిసన్ పట్టణవాసి థామస్ వాల్నీ మన్సన్ అడవిద్రాక్షలను జీవితమంతయు పరిశోధించినవాడు. ఆయన వియాలాకు సున్నపురాతి గుట్టలపై పెరుగు ‘బెర్లాండియేరి’ మొదలగు జాతులను గూర్చి చెప్పెను. ఫ్రెంచి ప్రభుత్వము 1888లో ఆయనకు వ్యవసాయబిరుద మిచ్చి గౌరవించెను. బెర్లాండియేరి కొమ్మలు తేలికగా వేరు పట్టవు. అందుచేత దానిని ఇతరజాతులతో కలిపి సంకరమొక్కలను సృష్టించిరి. మిలార్దే పండితుడును ఆయన సహచరుడు ద గ్రాసే యును కల్పించిన 41బి యను సంకరము అట్టిది. అందొక వంతు బెర్లాండియేరి, ఒక వంతు షాస్లా అను ఐరోపాద్రాక్ష. షాంపేను ప్రాంతపు సున్నపునేలలలో నది నేటికిని క్రిందిమొక్కగా నిలిచియున్నది.

ఇచ్చట మరియొక భేదమును చెప్పవలసియున్నది. ఏగ్ మోర్త్ పట్టణపు సముద్రతీరమున ఇసుకనేలలలో ఐరోపాద్రాక్షను తన వేళ్ళతోనే నాటగా బ్రతికెను. సన్నని యిసుకలో పురుగు మసలజాలదు. చలికాలమున తోటను కొన్ని వారములు నీట ముంచి పురుగును చంపు పద్ధతిని లూయీ ఫోకోన్ కనిపెట్టెను. ఈ రెండు తావులను తీగె బ్రతికినది గాని, దానికి నిరోధశక్తి వచ్చినదని చెప్పరాదు. ఆ శక్తి ఇసుకది, నీటిది. ఆ తీగెనే వేరొక చేనికి తీసికొనిపోయినచో మరల చచ్చును. నిరోధశక్తి యనునది మొక్క తన సంతతికి నీయగల గుణము. తప్పించుకొనుట వేరు, తట్టుకొనుట వేరు.

ఈ విషయములన్నిటిని క్రోడీకరించి 1951లో కాన్సాసు రాష్ట్రపు కీటకశాస్త్రజ్ఞుడు రెజినాల్డ్ పెయింటర్ పంటమొక్కల కీటకనిరోధమును గూర్చి యొక గ్రంథము వ్రాసెను. మొక్క కనుభవమునకు వచ్చు తుది నష్టమును తగ్గించు వంశపారంపర్యగుణముల మొత్తమే నిరోధశక్తి యనియు, అది యితర రకములతో పోల్చి చెప్పవలసినదే గాని స్వతంత్రముగా చెప్పదగినది కాదనియు ఆయన యభిప్రాయము. దాని నాయన మూడు పాయలుగా విభజించెను. మొదటిది, పురుగునకు మొక్క నచ్చకపోవుట. రెండవది, మొక్కను తినిన పురుగు చక్కగా ఎదుగకపోవుట, సంతతి తగ్గుట. దీనికి ‘యాంటిబయోసిస్’ అని పేరు. మూడవది ఓర్పు: పురుగు సుఖముగానే యుండును, మొక్కయును దిగుబడి నిచ్చుచునే యుండును. 1978లో కోగన్, ఆర్ట్‌మన్ అనువారు మొదటిదానికి ‘యాంటిజెనోసిస్’ అను పేరు సూచించిరి. గ్రీకున ‘జెనోస్’ అనగా అతిథి. వచ్చిన యతిథికి పీట వేయని గృహస్థువంటి మొక్క యన్నమాట. మన వాడుకలోని ‘నిరోధ’మను నొక్క మాట క్రింద ఇంటి తలుపు మూయువాడు, వచ్చినవానికి పస్తు పెట్టువాడు, వాడు తినిపోయినను తన సంసారము నడుపుకొనువాడు మువ్వురును ఇమిడియున్నారు. ముగ్గురును ఒక్క తీరుగా ప్రవర్తింపరు గదా!

ఈ భేదములను విస్మరించుటవలన కలిగిన నష్టమున కొక యుదాహరణము చెప్పి ముగింతుము. ఫ్రాన్సుదేశస్థుడు విక్టర్ గాంజేన్ ‘అరామోన్’ అను ఐరోపాద్రాక్షను రుపెస్ట్రిస్‌తో కలిపి యొక క్రిందిమొక్కను కల్పించెను. అరామోన్‌లోని తొలి యక్షరము, రుపెస్ట్రిస్‌లోని తొలి యక్షరము, నడుమ గుణకారపు గుర్తును జేర్చి దానిని ‘ఎ.ఎక్స్.ఆర్. 1’ అనిరి. అది తేలికగా వేరు పట్టును, చక్కగా అంటు నతుకును, పలువిధముల నేలల కలవడును, పైకొమ్మకు మంచి బలము నిచ్చి పంట నధికము చేయును. ఐరోపాలోను దక్షిణాఫ్రికాలోను కొన్ని చోట్ల అది పురుగునకు తాళలేకపోయిన సంగతియు పూర్వమే తెలిసియుండెను. అయినను కాలిఫోర్నియాలో, పురుగు 1873 నాటికే కనబడిన యా రాష్ట్రమున, 20వ శతాబ్దపు మధ్యభాగమునుండి దీనినే విరివిగా నాటిరి. అచ్చటి పరీక్షలలో నది నిలిచినట్లే కనబడెను. పంట మెండుగా నుండెను. ‘కొలదిపాటి నిరోధశక్తి’ యనిన మాటలో ‘కొలదిపాటి’ క్రమముగా వినబడకపోయెను.

1983లో నాపా లోయలోని యొక తోటలో ఈ వేరుపై నున్న తీగెలు కుంగిపోవుట కనుగొనిరి. అచ్చటి పురుగు ఎ.ఎక్స్.ఆర్. 1 వేళ్ళపై త్వరితముగా వృద్ధిపొందుచుండెను. దానిని శాస్త్రజ్ఞులు ‘బయోటైప్ బి’, అనగా బి తరగతి పురుగు అనిరి. ఒక్క పురుగు జాతిలోనే, రూపమున భేదము లేకున్నను, ఒక మొక్కపై బ్రతుకు నేర్పు భేదించు తెగకు ‘బయోటైప్’ అని పేరు. అనగా నిరోధశక్తి మొక్కలో మాత్రమే యుండునది కాదు. ఆ మొక్కకును ఆ పురుగునకును నడుమ నున్న సంబంధము. పురుగు మారినచో మొక్క మారకపోయినను సంబంధము మారును. నాపా, సొనోమా మండలములలో వేలకొలది ఎకరముల తోటలను పెరికివేసి మరల నాటవలసివచ్చెను. నష్టము 50 కోట్ల నుండి 100 కోట్ల డాలర్ల వరకు నుండునని పలువిధముల నంచనా వేసిరి.

అరామోన్ ఐరోపాద్రాక్ష గనుకనే ఈ కీడు కలిగినదని కొందరు చెప్పిరి. అందు సత్యము లేకపోలేదు. కాని 41బి లోను ఐరోపారక్తము సగ మున్నదని పైన చెప్పితిమి, అది నిలిచినది. వంశమును జూచి తీర్పు చెప్పుటయు మాటను జూచి నమ్ముటవంటిదే. నేలలో నిలిపి, ఆ నేలయందలి పురుగుతో, తగినన్ని యేండ్లు పరీక్షించి చూడవలయును. వేరు మార్గము లేదు.

మనదేశమునను మహారాష్ట్ర, కర్ణాటకములందు ద్రాక్షరైతులు టెక్సాసులో పుట్టిన ‘డాగ్‌రిడ్జి’ వేరుపై అంటుకట్టుచున్నారు. వారు దాని నాశ్రయించినది ఫిలాక్సెరా భయముచేత గాదు. ఉప్పునీటికిని నీటియెద్దడికిని ఓర్చుకొనునని. ఒకచోట పురుగునకు విరుగుడుగా వెదకిన వేళ్ళు మరియొకచోట ఉప్పునకు విరుగుడైనవి. కావున ‘నిరోధశక్తి గల మొక్క’ యని యెవరైన చెప్పినప్పుడు మనము నాలుగు ప్రశ్నలు వేయవలయును. దేనిని నిరోధించును? ఎంతమాత్రము నిరోధించును? ఏ నేలలో? ఎన్ని యేండ్లు పరీక్షించి చెప్పుచున్నారు? ఈ నాలుగింటికిని జవాబు చెప్పజాలని మాట అంగడిమాటయే గాని శాస్త్రపుమాట కాదు.

మన రైతులు ‘ఈ రకము తెగులుకు తట్టుకొనును’ అందురు. తట్టుకొనుటలో దెబ్బ తగులుట గలదు, కూలకుండుటయు గలదు. మువ్వురు పెద్దమనుష్యులు సేన్ రెమీ తోటలో త్రవ్వి చూచిన నాటినుండి నేటివరకు జరిగిన పరిశోధన యంతయు ఆ పల్లెమాటలోని యర్థమునకే వచ్చి చేరినది. మన వ్యవసాయగ్రంథములు వ్రాయువారును, విత్తనములమ్మువారును ‘నిరోధము’ అని వ్రాయునప్పుడెల్ల ఆ పల్లెమాటను మనస్సున నుంచుకొని, దాని ప్రక్కన కొలతను గూడ వ్రాయుదురేని రైతు మోసపోడు.